ఇంటి ల్యాబ్‌లో వీసెంటర్ 8: ముందు నెట్‌వర్క్, ఆ తర్వాతే ఇన్‌స్టాలర్

ఒకే మెషిన్‌లో చాలా వర్చువల్ మెషిన్లు (వీఎంలు) నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ కుటుంబం వీస్ఫియర్. అందులో ఒక్కో మెషిన్ (హోస్ట్) మీద వీఎంలను నడిపేది ఈఎస్ఎక్స్ఐ, హోస్టులన్నిటినీ ఒకచోటి నుంచి చూసుకునేది వీసెంటర్. వీఎంవేర్ వీసెంటర్ సర్వర్ 8ను ఇంట్లో పెట్టుకోవాలా వద్దా అన్నది మీ పనిని బట్టి తేలుతుంది. ఆఫీసులో వీస్ఫియర్ చూసుకునేవాళ్లు, అమీర్‌పేటలో కోర్సు చేసి ఆ ఉద్యోగం కోసం తిరుగుతున్నవాళ్లు తప్పకుండా పెట్టుకోవాలి. అందరూ కలిసి వాడే ల్యాబ్‌లో మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్‌ను తెంపి మళ్లీ కలుపుకోవడానికి ఎవరూ ఒప్పుకోరు. ఇంట్లో ఆ పని ఎన్నిసార్లైనా చేయొచ్చు, అసలు నేర్చుకోవాల్సింది కూడా అదే. ఫొటోలు, సినిమాలు దాచుకోవడానికి, యాడ్ బ్లాకర్ నడపడానికి మాత్రమే సర్వర్ కావాలనుకునేవాళ్లకు వీసెంటర్ అనవసరమైన బరువు. వాళ్లకు వీఎంలు నడిపే మరో సాఫ్ట్‌వేర్ ప్రాక్స్‌మాక్స్ హాయిగా సరిపోతుంది.

ఈ ప్రొడక్ట్ మీద వచ్చే ఫిర్యాదులు చాలావరకు ఒకటే చోటికి చేరతాయి. హోస్ట్ పేర్లు, టైము, నెట్‌వర్క్ సరిగ్గా లేకుండానే ఇన్‌స్టాలర్ మొదలుపెడతారు. వీసెంటర్ కూడా ఆ లోపాన్ని మొదట్లోనే పట్టుకుని ఆపదు. సగం పనయ్యాక, చాలాసేపు తిరిగి తిరిగి, సంబంధం లేనట్టు కనిపించే ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఇంత పెద్ద ప్రొడక్ట్‌కు ఇది క్షమించలేని లోపమే. కానీ కారణం తెలిసినవాళ్లకు ఇన్‌స్టలేషన్ మొదటిసారే పూర్తవుతుంది.

ముందు మెషిన్ సంగతి. వీసెంటర్ ఇప్పుడు విండోస్ మీద రాదు. ఫోటాన్ ఓఎస్ అనే లినక్స్ మీద తయారైన రెడీమేడ్ వీఎంగా మాత్రమే వస్తుంది. అన్నిటికంటే చిన్నదైన 'టైనీ' సైజుకే 2 వీసీపీయూలు (వర్చువల్ ప్రాసెసర్లు), 14 జీబీ ర్యామ్, 579 జీబీ డిస్క్ అడుగుతుంది. ఆ సైజు 10 హోస్టులు, 100 వీఎంల వరకు చాలు కాబట్టి ఇంటికి అంతకు మించి ఎంచుకోవాల్సిన పని లేదు. డిస్క్ అంకె చూసి భయపడకండి. ఇన్‌స్టాలర్‌లో 'థిన్ డిస్క్ మోడ్' టిక్ పెడితే వాడినంత మేరకే స్థలం తీసుకుంటుంది. ర్యామ్ విషయంలో ఆ వెసులుబాటు లేదు. 16 జీబీ మెషిన్ మీద పెట్టే ఆలోచన మానుకోండి. 32 జీబీ ఉంటే వీసెంటర్, ఈఎస్ఎక్స్ఐ పోగా మూడు నాలుగు చిన్న లినక్స్ వీఎంలకు చోటు మిగులుతుంది. ల్యాబ్ అనిపించుకోవాలంటే 64 జీబీ ఉండాలి.

ఆఫీసుల నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ మినీ పీసీలు ఈ పనికి బాగా పనికొస్తాయి. సికింద్రాబాద్ సీటీసీలోనో, బెంగళూరు ఎస్పీ రోడ్‌లోనో లెనోవో థింక్‌సెంటర్ ఎం720క్యూ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో వంటివి అడిగి చూడండి. కొనేముందు చూడాల్సినవి రెండు. మొదటిది నెట్‌వర్క్ చిప్. ఇంటెల్ ఐ219 ఉంటే ఈఎస్ఎక్స్ఐ 8 నేరుగా గుర్తుపడుతుంది. రియల్‌టెక్ చిప్‌కు ఇన్‌స్టాలర్‌లో డ్రైవర్ ఉండదు కాబట్టి 'నో నెట్‌వర్క్ అడాప్టర్స్' అని చెప్పి అక్కడే ఆగిపోతుంది. రెండోది ప్రాసెసర్ తరం. ఇంటెల్ రెండు, మూడు తరాల చిప్‌లకు ఈఎస్ఎక్స్ఐ 8లో సపోర్ట్ తీసేశారు. మరీ కొత్తవి కొన్నా చిక్కుంది. 12వ తరం నుంచి పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిసి వస్తున్నాయి. కోర్లన్నీ ఒకేలా లేవని గుర్తించగానే ఈఎస్ఎక్స్ఐ పర్పుల్ స్క్రీన్ చూపించి ఆగిపోతుంది. బయాస్‌లో ఈ-కోర్లు (చిన్న కోర్లు) ఆపేయడం దీనికి సులువైన మందు.

ఈఎస్ఎక్స్ఐని పెన్‌డ్రైవ్ మీద పెట్టే పాత అలవాటు వదిలేయాలి. 7 నుంచి సిస్టమ్ లాగులు, స్థితి అన్నీ బూట్ డిస్క్ మీదే రాస్తుంది కాబట్టి పెన్‌డ్రైవ్ త్వరగా చచ్చిపోతుంది. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ మీద పెట్టినా ఒక జాగ్రత్త ఉంది. ఏమీ చెప్పకపోతే ఈఎస్ఎక్స్ఐ తనకోసం 138 జీబీ దాకా పక్కన పెట్టుకుంటుంది. 256 జీబీ డిస్క్‌లో అది సగానికి పైనే. ఇన్‌స్టాలర్ బూట్ అవుతున్నప్పుడు షిఫ్ట్, ఓ కీలు కలిపి నొక్కి, 'సిస్టమ్ మీడియా సైజ్' ఆప్షన్‌కు 'మిన్' అని ఇస్తే 33 జీబీతో సరిపెట్టుకుంటుంది. ఈ ఒక్క ఆప్షన్ చిన్న డిస్క్ ఉన్నవాళ్లకు వంద జీబీ మిగులుస్తుంది.

ఇక పేర్లు. వీసెంటర్‌కు పెట్టే పూర్తి పేరు ఐపీకి, ఆ ఐపీ తిరిగి అదే పేరుకు మారాలి. అంటే పేర్లను ఐపీలుగా మార్చే డీఎన్ఎస్‌లో, పేరుకు ఐపీ చెప్పే 'ఏ' రికార్డు, ఐపీకి పేరు చెప్పే పీటీఆర్ రికార్డు రెండూ ఉండాలి. చాలామంది మొదటిది పెట్టి రెండోది మరిచిపోతారు. ఫలితంగా ఇన్‌స్టలేషన్ రెండు దశల్లో మొదటిది సాఫీగా సాగి, రెండో దశలో సర్వీసులు లేచేటప్పుడు కూలుతుంది. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చే రౌటర్లలో మన సొంత రికార్డులు రాసే వీలు సాధారణంగా ఉండదు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద డీఎన్ఎస్‌మాస్క్ గానీ, ఓపీఎన్‌సెన్స్ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్‌లోని అన్‌బౌండ్ గానీ ఆ పని చేస్తుంది. అది వీసెంటర్ ఉన్న మెషిన్ మీద కాకుండా విడిగా ఉంటే మరీ మంచిది, ఎందుకన్నది కరెంటు దగ్గర చెబుతాను.

డొమైన్ పేరు చివర 'డాట్ లోకల్' పెట్టొద్దు. మ్యాక్, చాలా లినక్స్‌లు ఆ పేర్లను డీఎన్ఎస్ సర్వర్‌ను అడగకుండా మల్టీక్యాస్ట్‌తో, అంటే నెట్‌వర్క్‌లోని మెషిన్లనే అడిగి, వెతుకుతాయి. విండోస్‌లో తెరుచుకునే వీసెంటర్ పేజీ మ్యాక్‌లో తెరుచుకోకపోవడానికి తరచూ ఇదే కారణం. ఇళ్ల కోసమే కేటాయించిన 'హోమ్ డాట్ ఆర్పా' వాడండి, లేదా 2024లో ఇంటర్నెట్ పేర్లను చూసే ఐకాన్ సంస్థ ప్రైవేటు వాడకానికి వదిలిన 'డాట్ ఇంటర్నల్' వాడండి. రెండో దశలో కనిపించే 'వీస్ఫియర్ డాట్ లోకల్' లాగిన్‌ల కోసం వాడే ఎస్ఎస్ఓ (సింగిల్ సైన్ ఆన్) డొమైన్. దానికి డీఎన్ఎస్‌తో పని లేదు, ఉన్నది ఉన్నట్టే వదిలేయండి. పేరు గొడవెందుకని నేరుగా ఐపీ ఇచ్చేస్తే ఇన్‌స్టలేషన్ అవుతుంది. కానీ ఆ ఐపీయే వీసెంటర్ గుర్తింపుగా సర్టిఫికెట్లలో పడిపోతుంది. తర్వాత నెట్‌వర్క్ మార్చాలనుకున్నరోజు దాని బాధ తెలుస్తుంది.

టైము కూడా అంతే ముఖ్యం. పాత మినీ పీసీలో గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ అయిపోయి గడియారం ఏళ్ల వెనక ఉంటే, హోస్టుకూ వీసెంటర్‌కూ తేడా వచ్చి ఎస్ఎస్ఓ టోకెన్లు చెల్లవు. ఈఎస్ఎక్స్ఐలోనూ, వీసెంటర్ రెండో దశలోనూ టైము చెప్పే ఎన్‌టీపీ సర్వర్ ఒకటే ఇవ్వండి. కొత్త బ్యాటరీ ఖర్చు చాలా తక్కువ, మెషిన్ కొన్నరోజే మార్చేయండి.

ఇవి ఉంటే ఇన్‌స్టలేషన్ చిన్న పని. ఐఎస్ఓను లాప్‌టాప్‌లో మౌంట్ చేసి యూఐ ఇన్‌స్టాలర్ తెరవాలి. మొదటి దశ వీఎంను హోస్టు మీదకు కాపీ చేస్తుంది, రెండో దశ సర్వీసులు ఏర్పాటు చేస్తుంది. లాప్‌టాప్‌ను వైఫై మీద కాకుండా కేబుల్ మీద ఉంచండి. కాపీ మధ్యలో లింక్ తెగితే మొదటినుంచి మొదలుపెట్టాలి. ఎక్కువమంది చేయనిది, తప్పక చేయాల్సినది ఒకటుంది: మొదటి దశ అయ్యాక ఇన్‌స్టాలర్ ఆగి అడిగినప్పుడు, ఈఎస్ఎక్స్ఐ సొంత వెబ్ పేజీ అయిన హోస్ట్ క్లయింట్‌లోకి వెళ్లి ఆ వీఎంకు స్నాప్‌షాట్ (ఆ క్షణపు స్థితికి నకలు) తీయండి. రెండో దశ విఫలమైతే అక్కడినుంచి కొనసాగించే దారి లేదు. స్నాప్‌షాట్ ఉంటే వెనక్కి వెళ్లి, డీఎన్ఎస్ సరిచేసి, బ్రౌజర్‌లో 5480 పోర్ట్ తెరిచి రెండో దశ ఒక్కటే మళ్లీ నడపొచ్చు. వీసెంటర్ బాగా లేచాక ఆ స్నాప్‌షాట్ తీసేయండి.

నెట్‌వర్క్ అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. ఈఎస్ఎక్స్ఐ పెట్టగానే వీస్విచ్0 అనే స్టాండర్డ్ స్విచ్ (హోస్ట్ లోపలి వర్చువల్ స్విచ్), అందులో మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్, వీఎం నెట్‌వర్క్ అనే రెండు పోర్ట్ గ్రూపులు (ఒకే సెట్టింగులున్న పోర్టుల గుంపులు) వస్తాయి. ఇంటి రౌటర్ 192.168.1 శ్రేణిలోనో, జియోఫైబర్ అయితే 192.168.29 శ్రేణిలోనో ఉంటుంది. మొదటివారం అన్నీ అదే శ్రేణిలో, రౌటర్ డీహెచ్‌సీపీతో తనే పంచే పరిధికి బయట ఉన్న అడ్రసులతో నడపండి. వీఎల్ఏఎన్‌లు (ఒకే కేబుల్ మీద విడివిడిగా నడిచే నెట్‌వర్క్‌లు) తొందరపడి పెట్టకండి.

పెట్టేటప్పుడు టీపీ-లింక్ టీఎల్-ఎస్‌జీ108ఈ వంటి ఎనిమిది పోర్టుల స్మార్ట్ స్విచ్ చాలు. మేనేజ్‌మెంట్‌కు 10, వీమోషన్‌కు (నడుస్తున్న వీఎంను ఇంకో హోస్టుకు తరలించడానికి) 20, స్టోరేజ్‌కు 30, మామూలు వీఎంలకు 40 అని విడగొట్టుకుంటే గుర్తుంటుంది. ఈ రకం స్విచ్‌లలో తరచూ జరిగే పొరపాటు ఒకటే. 802.1క్యూ పేజీలో పోర్టును ఒక వీఎల్ఏఎన్‌లో 'అన్‌ట్యాగ్డ్' (ప్యాకెట్ మీద వీఎల్ఏఎన్ అంకె లేకుండా) చేసి ఊరుకుంటారు. లోపలికి వచ్చే ట్రాఫిక్ ఏ వీఎల్ఏఎన్‌కు చెందుతుందో చెప్పే పీవీఐడీ వేరే పేజీలో ఉంటుంది, అది 1 గానే మిగిలిపోతుంది. అప్పుడు ఒకవైపు ప్యాకెట్లు వెళ్తాయి, మరోవైపు రావు. ఈఎస్ఎక్స్ఐకి వెళ్లే పోర్టు వీఎల్ఏఎన్‌లన్నిటికీ ట్యాగ్డ్‌గా ఉండాలి. అదే పోర్టులో 10ని అన్‌ట్యాగ్డ్ చేసి, పోర్ట్ గ్రూప్‌లో కూడా 10 అని రాస్తే స్విచ్ ట్యాగ్ తీసేసి పంపుతుంది, ఈఎస్ఎక్స్ఐ ట్యాగ్ కోసం చూస్తుంది, ప్యాకెట్ అక్కడే పడిపోతుంది. ట్యాగ్ ఎవరో ఒకరే వేయాలి. మొత్తం ట్రంక్‌ను, అంటే వీఎల్ఏఎన్‌లన్నిటినీ, ఒక వీఎంకు, ఉదాహరణకు రౌటర్ వీఎంకు, అందించాలంటే స్టాండర్డ్ స్విచ్‌లో ఆ పోర్ట్ గ్రూప్‌కు 4095 ఇవ్వాలి.

మేనేజ్‌మెంట్ వీఎల్ఏఎన్ మార్చేటప్పుడు మానిటరు, కీబోర్డు మెషిన్‌కు తగిలించి ఉంచండి. ముందు స్విచ్, తర్వాత ఎఫ్2 మెనూలో హోస్ట్, ఇదే వరస. తిరగేస్తే హోస్ట్ కనిపించకుండా పోతుంది.

ల్యాబ్‌కూ ఇంటికీ మధ్య పీఎఫ్‌సెన్స్ లేదా ఓపీఎన్‌సెన్స్‌ను రౌటర్‌గా పెట్టేవాళ్లు ఒక టిక్ తీయాలి. వాటి వ్యాన్ (బయటి వైపు) ఇంటర్‌ఫేస్‌లో 'బ్లాక్ ప్రైవేట్ నెట్‌వర్క్స్' ముందే ఆన్ అయి ఉంటుంది. ఇంటి రౌటర్ ఇచ్చేది ప్రైవేట్ అడ్రసే కాబట్టి, ఆ టిక్ ఉన్నంతవరకు మీ లాప్‌టాప్ నుంచి ల్యాబ్‌లోకి ఏదీ రానివ్వదు. కంపెనీ రౌటర్‌లో స్టాటిక్ రూట్ రాసే వీలు లేకపోతే, ల్యాబ్ శ్రేణులకు దారిని లాప్‌టాప్‌లోనే రాసుకోవచ్చు.

హోస్టులన్నిటికీ ఉమ్మడిగా ఉండే డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ కోసమే చాలామంది వీసెంటర్ పెడతారు. ఒకచోట పోర్ట్ గ్రూప్ మారిస్తే హోస్టులన్నిటా మారడం నిజంగా గొప్ప సౌకర్యం, రెండు హోస్టులున్న ల్యాబ్‌లో కూడా తేడా తెలుస్తుంది. కానీ ఇందులో ఒక ముడి ఉంది. డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్‌లో పోర్టులు కేటాయించేది వీసెంటర్. ఆ వీసెంటర్ వీఎం కూడా అదే స్విచ్ మీద, మామూలుగా వచ్చే స్టాటిక్ బైండింగ్ పోర్ట్ గ్రూప్‌లో ఉంటే, ఏదైనా కారణంతో దాని నెట్‌వర్క్ తెగినప్పుడు మళ్లీ తగిలించడానికి వీసెంటరే కావాలి. హోస్ట్ క్లయింట్‌లోకి వెళ్లినా ఆ పోర్ట్ గ్రూప్ ఎంచుకోనివ్వదు. మందు ముందే వేసుకోవాలి: 'ఎఫెమరల్' బైండింగ్‌తో ఇంకో పోర్ట్ గ్రూప్ చేసి వీసెంటర్‌ను అందులో పెట్టండి. ఆ రకాన్ని హోస్ట్ సొంతంగా కేటాయించగలదు.

ఒకే నెట్‌వర్క్ పోర్టున్న మినీ పీసీని డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్‌కు మార్చడం కష్టమైన పనే. ఫిజికల్ పోర్ట్, వీఎంకే0 (హోస్ట్ మేనేజ్‌మెంట్ అడ్రసుండే వర్చువల్ పోర్టు), వీసెంటర్ వీఎం మూడూ ఒకే విజార్డ్‌లో ఒకేసారి కదలాలి. ఒక్కటి మరిచిపోయినా మేనేజ్‌మెంట్ తెగుతుంది. తెగితే వీసెంటర్ తనంతట తానే మార్పును వెనక్కి తీసుకుంటుంది, ఆ రోల్‌బ్యాక్ నిజంగా మెచ్చుకోదగ్గది. అదీ పనిచేయకపోతే ఎఫ్2 మెనూలో 'నెట్‌వర్క్ రీస్టోర్ ఆప్షన్స్' ఉంది. రెండు పోర్టులుంటే ఈ గుబులే లేదు. ముందు రెండో పోర్టును కొత్త స్విచ్‌కు, తర్వాత వీఎంకే0ను, వీఎంలను, చివరికి మొదటి పోర్టును తరలిస్తే చాలు. రెండో పోర్టుగా ఆర్‌టీఎల్8153 చిప్ ఉన్న యూఎస్‌బీ అడాప్టర్ పెట్టొచ్చు, దానికి యూఎస్‌బీ నేటివ్ డ్రైవర్ విడిగా వేయాలి. ఈ అడాప్టర్లు బూట్‌లో ఆలస్యంగా లేస్తాయి కాబట్టి రీబూట్ తర్వాత స్విచ్ నుంచి ఊడిపోయి కనిపించవచ్చు. లోకల్ డాట్ ఎస్‌హెచ్ ఫైల్‌లో మళ్లీ తగిలించే లైన్ రాస్తే కుదురుకుంటుంది. మేనేజ్‌మెంట్‌ను మాత్రం యూఎస్‌బీ మీద ఆధారపడనివ్వకండి.

జంబో ఫ్రేమ్‌ల (పెద్ద సైజు ప్యాకెట్ల) జోలికి 1 గిగాబిట్ ల్యాబ్‌లో వెళ్లక్కర్లేదు, లాభం కనిపించదు, తలనొప్పి కనిపిస్తుంది. నేర్చుకోవడానికే పెడితే స్విచ్, వీస్విచ్, వీఎంకే, స్టోరేజ్ నాలుగుచోట్లా ప్యాకెట్ సైజు 9000 ఉండాలి. పరీక్షించేటప్పుడు ఈఎస్ఎక్స్ఐలోని వీఎంకేపింగ్ కమాండ్‌కు 'ముక్కలు చేయవద్దు' అన్న ఆప్షన్‌తో 8972 సైజు ఇవ్వండి, మిగిలిన 28 బైట్లు హెడర్లవి. ఆప్షన్ లేకుండా పింగ్ చేసి పనిచేస్తోందనుకోవడం ఎక్కువగా జరిగే పొరపాటు.

ఒకే పెద్ద మెషిన్ ఉన్నవాళ్లు వీఎంల లోపలే ఈఎస్ఎక్స్ఐలు పెట్టి క్లస్టర్ (హోస్టుల గుంపు) కట్టుకోవచ్చు. వీఎం సీపీయూ సెట్టింగ్‌లో హార్డ్‌వేర్ వర్చువలైజేషన్‌ను గెస్ట్‌కు చూపించే టిక్ పెట్టాలి. నెట్‌వర్క్ విషయానికొస్తే, లోపలి ఈఎస్ఎక్స్ఐ వెనక ఇంకా చాలా మ్యాక్ అడ్రసులుంటాయి (ఇవి నెట్‌వర్క్ కార్డుల గుర్తింపులు). బయటి స్విచ్‌కు ఒక్కటే తెలుసు కాబట్టి మిగతావాటి ట్రాఫిక్ పారేస్తుంది. స్టాండర్డ్ స్విచ్ అయితే ప్రామిస్క్యువస్ మోడ్, ఫోర్జ్డ్ ట్రాన్స్‌మిట్స్ రెండూ 'యాక్సెప్ట్' చేయాలి. అప్పుడు ప్రతి వీఎం ప్రతి ప్యాకెట్‌నూ వింటుంది, ప్రాసెసర్ మీద భారం పడుతుంది. డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్‌లో 6.7 నుంచి మ్యాక్ లెర్నింగ్ (ఆ అడ్రసులను స్విచ్ తనే నేర్చుకోవడం) ఉంది, ప్రామిస్క్యువస్ లేకుండానే పని జరుగుతుంది. కేవలం దీనికోసం వీసెంటర్ పెట్టినా తప్పులేదు. ఇక లోపలి ఈఎస్ఎక్స్ఐని క్లోన్ చేస్తే వీఎంకే0 మ్యాక్ పాతదే ఉండిపోయి రెండు హోస్టులు కొట్టుకుంటాయి. క్లోన్ చేసేముందే 'నెట్ డాట్ ఫాలో హార్డ్‌వేర్ మ్యాక్' విలువను 1 చేయండి.

రెండు హోస్టుల ప్రాసెసర్ తరాలు వేరైతే వీమోషన్‌కు ఈవీసీ (కొత్త ప్రాసెసర్‌ను పాతదాని స్థాయికి దించి చూపే సెట్టింగ్) కావాలి. క్లస్టర్‌లో వీసెంటర్ నడుస్తూ ఉండగా దాన్ని ఆన్ చేయబోతే, తక్కువ తరానికి దించడానికి వీఎంలు ఆపమంటుంది, ఆపితే ఆన్ చేసేదెవరు? అందుకే ఖాళీ హోస్టుతో ఈవీసీ క్లస్టర్ ముందు తయారుచేసి, వీసెంటర్‌ను తర్వాత అందులోకి తేవాలి. ఇంటెల్, ఏఎండీ మధ్య నడుస్తున్న వీఎం ఎప్పటికీ దూకదు.

ఇప్పుడు కరెంటు. మన ఇళ్లలో ల్యాబ్‌కు అన్నిటికంటే పెద్ద శత్రువు ఇదే. హఠాత్తుగా పోతే వీసెంటర్ డిస్కులు దెబ్బతిని, తర్వాతి బూట్‌లో ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోవచ్చు. యూపీఎస్ లేకుండా దీన్ని నడపొద్దు. కరెంటు వచ్చాక లేచే వరస కూడా ముఖ్యం. డీఎన్ఎస్ అదే హోస్టు మీద వీఎంగా ఉంటే, హోస్ట్ క్లయింట్ ఆటోస్టార్ట్‌లో అది మొదట, రెండు నిమిషాల ఆలస్యంతో వీసెంటర్ తర్వాత లేచేలా పెట్టండి. హోస్టును హెచ్‌ఏ (ఒక హోస్ట్ పడిపోతే దాని వీఎంలను ఇంకోదాని మీద లేపే) క్లస్టర్‌లో చేర్చగానే ఆటోస్టార్ట్ పనిచేయదు. డీఎన్ఎస్ విడి మెషిన్ మీద ఉండాలన్నది అందుకే.

వీసెంటర్ లేచేటప్పుడు బ్రౌజర్‌లో 'నో హెల్తీ అప్‌స్ట్రీమ్' అని వస్తే కంగారుపడి రీబూట్ చేయకండి. వెనక సర్వీసులు ఇంకా లేవలేదని దాని అర్థం. చిన్న మెషిన్ మీద పది పదిహేను నిమిషాలు పడుతుంది. అరగంటైనా పోకపోతే వరసగా డిస్క్ నిండిందా, టైము సరిగ్గా ఉందా, పీటీఆర్ రికార్డు పలుకుతోందా, సర్టిఫికెట్ గడువు ముగిసిందా చూడండి. రూట్ పాస్‌వర్డ్ కూడా 90 రోజులకు గడువు తీరుతుంది, 5480 పేజీలో దాన్ని మొదటిరోజే మార్చుకోవచ్చు. అదే పేజీలో ఎన్ఎఫ్ఎస్, ఎస్ఎంబీ లేదా ఎస్ఎఫ్‌టీపీకి రోజువారీ బ్యాకప్ పెట్టే వీలుంది. చాలా నమ్మకంగా పనిచేస్తుంది. తిరిగి తెచ్చుకోవడానికి అదే వెర్షన్ ఐఎస్ఓ కావాలి కాబట్టి బ్యాకప్ పక్కనే దాన్నీ దాచండి.

లైసెన్సుల దగ్గర ఈ ప్రొడక్ట్ ఇంటి వాడకందార్లను నిరాశపరుస్తుంది. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ను కొన్నాక, 2024 ఫిబ్రవరిలో ఉచిత ఈఎస్ఎక్స్ఐ తీసేశారు. 2025 ఏప్రిల్‌లో 8.0 అప్‌డేట్ 3ఈతో తిరిగి తెచ్చారు. ఆ ఉచిత ఎడిషన్‌ను వీసెంటర్‌కు కలపలేం, చాలామంది ఇది తెలియక ఆ లైసెన్సు వేసి, హోస్ట్ చేరట్లేదని వెతుకుతుంటారు. వీసెంటర్‌తో నేర్చుకోవాలంటే 60 రోజుల ఎవాల్యుయేషన్ మోడ్ వాడాలి, అందులో డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ సహా అన్నీ తెరిచే ఉంటాయి. ఆపై వీఎంయూజీ (వీఎంవేర్ వాడకందార్ల సంఘం) అడ్వాంటేజ్ సభ్యత్వం, దానితోపాటు వీఎంవేర్ పరీక్ష రాస్తే వచ్చే వీసీపీ సర్టిఫికేషన్ ఉంటే వ్యక్తిగత వాడకానికి లైసెన్సులు వస్తాయి. పరీక్ష పాసయ్యేందుకే ల్యాబ్ కావాల్సినవాళ్లకు పాసయ్యాకే లైసెన్సు ఇస్తామనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. విడిగా మెషిన్ కొనలేనివాళ్లకు, మామూలు విండోస్, లినక్స్ లోపలే వీఎంలు నడిపే వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో ఇప్పుడు ఉచితం. 64 జీబీ లాప్‌టాప్‌లో ఈఎస్ఎక్స్ఐలూ వీసెంటరూ అన్నీ దాని లోపలే నడపొచ్చు.

ప్రాక్స్‌మాక్స్‌తో పోలిస్తే తేడా స్పష్టం. అక్కడ మేనేజ్‌మెంట్‌కు విడిగా వీఎం లేదు, ప్రతి నోడ్ 8006 పోర్టులో తనే మేనేజర్. రియల్‌టెక్ చిప్‌లు నడుస్తాయి, గడువులు లేవు. రెండు నోడ్‌ల క్లస్టర్‌లో కోరం (మెజారిటీ ఓట్లు) కోసం మూడో ఓటు ఏర్పాటు చేసుకోవాలి, అంతే. ఇంట్లో ఎప్పుడూ నడవాల్సిన సర్వీసులను దానిమీద పెట్టి, వీసెంటర్‌ను నేర్చుకునే మెషిన్‌కే పరిమితం చేయడం నా సలహా. వీస్ఫియర్ 8కు సాధారణ సపోర్ట్ 2027 అక్టోబరు దాకా ఉంది కాబట్టి ఇప్పుడు నేర్చుకున్నది వృథా కాదు.

ఎవాల్యుయేషన్ గడువు ముగిసినరోజు హోస్టులు వీసెంటర్ నుంచి విడిపోతాయి. నడుస్తున్న వీఎంలు నడుస్తూనే ఉంటాయి గానీ, ఒకసారి ఆపితే మళ్లీ ఆన్ కావు. అందుకని యాభైవ రోజుకే డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ కాన్ఫిగరేషన్‌ను ఎక్స్‌పోర్ట్ చేసుకుని, డీఎన్ఎస్ రికార్డులు, వీఎల్ఏఎన్ పట్టిక ఒక ఫైల్‌లో రాసి పెట్టుకోండి. కొత్త వీసెంటర్ లేచాక ఆ ఎక్స్‌పోర్ట్‌ను ఇంపోర్ట్ చేస్తే స్విచ్, పోర్ట్ గ్రూపులు, వీఎల్ఏఎన్ అంకెలు తిరిగొస్తాయి, హోస్టులను మాత్రం మళ్లీ చేర్చాలి.